వకీలు లేకుండా సివిల్ దావా: తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో మీ కేసు మీరే నడుపుకోవడం ఎలా

సివిల్ దావా వేయాలంటే వకీలు ఉండి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే అందరూ సీపీసీ అనేదానిలో, మూడో ఆర్డరు మొదటి రూలు చూడండి. పార్టీ స్వయంగా కోర్టుకు హాజరు కావచ్చని స్పష్టంగా రాసి ఉంది. అలా వచ్చినవాళ్లను కోర్టుల్లో ‘పార్టీ ఇన్ పర్సన్’ అంటారు. జడ్జిగారి దయ మీద ఆధారపడిన సౌకర్యం కాదిది, మీ హక్కు.

ఆ హక్కు మీ ఒక్కరి వరకే. అన్న తరఫునో, భార్య తరఫునో నిలబడి వాదిస్తానంటే కుదరదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఒకరి తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాయించుకున్నవాళ్లు వాళ్ల తరఫున కాగితాల మీద సంతకం పెట్టొచ్చు, హాజరు కావచ్చు. వకీలు లాగా వాదించాలంటే మాత్రం 1961 అడ్వకేట్స్ చట్టం 32వ సెక్షన్ కింద కోర్టు అనుమతి కావాలి. పైగా అసలు మనిషికి మాత్రమే తెలిసిన సంగతులకు జీపీఏ హోల్డరు సాక్ష్యం చెల్లదు. అమెరికాలో ఉన్న కొడుకు స్థలం కోసం తిరుపతిలో తండ్రి కేసు నడిపే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

ఏ కేసు సొంతంగా, ఏ కేసు వద్దు

ప్రోనోటు బాకీ, చేబదులు, అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం, సరుకు ఇచ్చి డబ్బు రాకపోవడం వంటివి చదువుకున్న మనిషి ఓపికగా కూర్చుంటే నడపగలిగిన కేసులు. ఒప్పందం ఒకటే, కాగితాలు కొన్నే, సాక్షులు ఇద్దరు ముగ్గురే. ఒక్క జాగ్రత్త: వ్యాపారుల మధ్య లావాదేవీ మూడు లక్షలో ఆ పైనో అయితే అది కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వెళ్లవచ్చు. అక్కడ అత్యవసరం లేనప్పుడు ముందు మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నానికి, వెళ్లి తీరాలి, గడువులు కూడా కఠినం.

భాగపరిష్కారం, వీలునామా తగాదా, భూమి హక్కు కేసులకు మాత్రం వకీలును పెట్టుకోమనే అంటాను. కారణం ఉంది. తిరుపతి చుట్టూ, రేణిగుంట, తిరుచానూరు, చంద్రగిరి వైపు ప్లాట్ల గొడవలో చాలామంది మొదట అనుకునేది ‘ఇంజంక్షన్ (అవతలివాడిని ఆపే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంటే చాలు’ అని. అవతలివాడు కూడా ఒక రిజిస్టర్డు డాక్యుమెంటు చూపించి మీ హక్కు మీదే నీడ వేస్తే ఉత్త ఇంజంక్షన్ దావా నిలవదు, ఆస్తి మీదేనని కోర్టు తేల్చే హక్కు ప్రకటన కూడా కోరాలి. వరంగల్ నుంచి వెళ్లిన అనాతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరిచి చెప్పింది. స్థలం మీ స్వాధీనంలో లేకపోతే స్వాధీనం కూడా అడగాలి. దావాలో ఏం కోరాలో మొదట్లోనే తప్పితే సంవత్సరాల తర్వాత కేసు కొట్టేస్తారు. అడంగల్, 1బి, పాసుబుక్కు చేతిలో ఉన్నాయన్న ధైర్యం కూడా సరిపోదు. రెవెన్యూ రికార్డు హక్కు పత్రం కాదని కోర్టులు పదేపదే చెప్పాయి. మూలపత్రాలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), చెక్కుబంది (నాలుగు వైపుల హద్దులు), కొలతలు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి.

ఫీజు కట్టలేక సొంతంగా వాదిద్దామనుకుంటున్నారా? ఆగండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. నిర్ణీత ఆదాయం లోపు ఉన్న మిగతావాళ్లకూ దొరుకుతారు. చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థనో, మీ ఊరి కోర్టు ఆవరణలోని మండల కమిటీనో అడగండి. ఫోనులో అయితే 15100. ఇంకో మధ్యేమార్గం, నాకు బాగా నచ్చింది: కేసు మీరే నడపండి, ప్లెయింటు (దావా అర్జీ) మాత్రం వేసేముందు ఒక సీనియర్ సివిల్ వకీలుకు ఫీజు ఇచ్చి చూపించుకోండి. ఆ ఒక్క ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు.

తేదీ దాటితే నిజం కూడా నిలవదు

ఇక్కడి నుంచి ఒక ఉదాహరణ పట్టుకుని వెళదాం. తిరుపతిలో మీరు 2023 మార్చి 12న ఒకరికి రెండు లక్షలు ఇచ్చి ప్రోనోటు రాయించుకున్నారు. ఆయనది పీలేరు. తిరిగి ఇవ్వడం లేదు.

మొట్టమొదట చూడాల్సింది ప్రోనోటు మీది తేదీ. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం అడిగినప్పుడు చెల్లించాలన్న ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. అంటే 2026 మార్చి 12 లోపు దావా పడాలి. ‘ఇస్తాను ఇస్తాను అని తిప్పాడండి’ అంటే కోర్టు వినదు. ప్రతివాది గడువు మాట ఎత్తకపోయినా జడ్జిగారే చూసి కొట్టేయాలని 3వ సెక్షన్ చెబుతోంది.

గడువు పెంచేది చెల్లు. మూడేళ్లు నిండకముందే బాకీదారు కొంత కట్టి, ప్రోనోటు వెనకవైపు ఆ మొత్తం, తేదీ రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. మన ఉదాహరణలో 2025 జనవరి 5న ఐదు వేలకు చెల్లు పడిందనుకుంటే 2028 జనవరి 5 దాకా టైం ఉంది. ఆ చెల్లు మీరు రాసి ఉంచుకుంటే పనికిరాదు, ఆయన చేతిరాతో సంతకమో ఉండాలి. ఉత్త ఫోన్‌పే చెల్లింపును నమ్ముకుని గడువు దాటనివ్వకండి, దాని మీదే పెద్ద వాదన నడుస్తుంది.

ఇతర గడువులు: అమ్మకం అగ్రిమెంటు అమలుకు మూడేళ్లు, హక్కు ప్రకటనకు మూడేళ్లు, హక్కు ఆధారంగా స్థలం స్వాధీనానికి పన్నెండేళ్లు. ప్రభుత్వం మీద దావా అయితే సీపీసీ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజే వేయొచ్చు, కానీ ఆ అంచు దాకా వెళ్లకండి.

ఏ కోర్టు

డబ్బు కేసు ప్రతివాది ఉండే చోటైనా, లావాదేవీ జరిగిన చోటైనా వేయొచ్చు. కాబట్టి మీకు తిరుపతి, పీలేరు రెండూ కుదురుతాయి. స్థిరాస్తి కేసు మాత్రం ఆస్తి ఉన్న చోటే. విలువను బట్టి జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి కోర్టులు వేరవుతాయి. అర్హత ఉన్న కోర్టుల్లో కింది దానిలోనే వేయాలన్నది రూలు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది కదా అని పాత లెక్కలతోనో కొత్త లెక్కలతోనో ఊహించుకోవద్దు. రెవెన్యూ జిల్లా హద్దు వేరు, కోర్టు పరిధి వేరు. మీ మండలం ఏ కోర్టు కిందికి వస్తుందో, విలువ ఎంతవరకు ఏ కోర్టుదో ఫైలింగ్ సెక్షన్‌లో అడిగితే చెబుతారు.

మూడు గళ్ల కాగితం

ప్లెయింటు రాయడానికి ముందు ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో జరిగిన సంగతి, రెండో గడిలో దానికి కాగితం, మూడో గడిలో దాన్ని కోర్టులో చెప్పే మనిషి. నా దృష్టిలో కేసంతా ఈ కాగితమే.

‘2023 మార్చి 12న రెండు లక్షలు ఇచ్చాను’: ప్రోనోటు, అదే రోజు బ్యాంకులో డబ్బు తీసిన స్టేట్‌మెంటు, మీరు, సాక్షి సంతకం పెట్టిన పక్కింటాయన. ‘ప్రోనోటు రాసింది ఫలానా ఆయన’: కింద దస్తూరి సంతకం, ఆ రాసినాయన. ‘ఐదు వేలు కట్టాడు’: వెనక చెల్లు, మీరు. ‘నోటీసు అందింది’: పోస్టాఫీసు రసీదు, అందినట్టు సంతకం, మీరు.

రెండో గడి, మూడో గడి రెండూ ఖాళీగా ఉన్న సంగతి మీ మనసుకు ఎంత నిజమైనా కోర్టులో దానికి బలం లేదు. దాన్ని నింపే దారి ఇప్పుడే వెతకండి, ట్రయల్‌లో కాదు.

ప్రోనోటును వెలుతురులో పెట్టి చూడండి. రెవెన్యూ స్టాంపు ఉందా, సంతకం దాని మీదుగా వెళ్లిందా, అంకెల్లో అక్షరాల్లో మొత్తం ఒకటేనా, తేదీ దగ్గర దిద్దుబాటు ఉందా? స్టాంపు లేని మామూలు పత్రాలను చాలావరకు పెనాల్టీ కట్టి సాక్ష్యంలోకి తేవచ్చు గానీ స్టాంపు లేని ప్రోనోటుకు ఆ వెసులుబాటు కూడా లేదు. వాట్సాప్ మెసేజీలు వాడాలంటే స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి. అందులో మీరు నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఒకటి ఉంటాయి. ఆ ఫోను మార్చకండి, అమ్మకండి.

దావాకు ముందు నోటీసు ప్రోనోటు కేసుకు తప్పనిసరి కాదు గానీ ఇవ్వడం మంచిది. మీరే రాసి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. కోపం, బెదిరింపు వద్దు. ఎంత, ఎప్పుడు, ఏ కాగితం మీద, ఎన్ని రోజుల్లో కట్టాలి, అంతే. రేపు దాని మీద కూడా ఎగ్జిబిట్ నంబరు, అంటే సాక్ష్యపు కాగితం నంబరు, పడుతుంది.

ప్లెయింటు

ఏడో ఆర్డరు మొదటి రూలు ప్లెయింటులో ఏముండాలో చెబుతుంది. పైన కోర్టు పేరు, వాది ప్రతివాదుల పూర్తి వివరాలు, చిరునామాలు. తర్వాత నంబర్లు వేసిన పేరాలు, ఒక పేరాలో ఒక సంగతి. చివరికి నాలుగు ముఖ్యమైన పేరాలు వస్తాయి: దావా వేయడానికి కారణం ఎప్పుడు ఎక్కడ పుట్టింది, ఈ కోర్టుకు పరిధి ఎలా ఉంది, గడువులోపే ఎలా వేశారు, దావా విలువ ఎంత కోర్టు ఫీజు ఎంత. ఆ పైన మీరు కోరేది.

కోరేది రాసేటప్పుడు పొదుపు వద్దు. అసలు, ఒప్పుకున్న వడ్డీ, దావా తేదీ నుంచి డిక్రీ (తీర్పు మీద వచ్చే కోర్టు ఉత్తర్వు) వరకు, ఆ తర్వాత వసూలు దాకా వడ్డీ, ఖర్చులు అన్నీ అడగండి. అదే లావాదేవీలో ఇప్పుడు వదిలేసిన భాగానికి మళ్లీ దావా వేయనివ్వదు రెండో ఆర్డరు రెండో రూలు. వడ్డీ లెక్క ఒక పట్టికలో వేసి, చెల్లు మినహాయించి చూపించండి. డిక్రీ తర్వాతి కాలానికి వ్యాపార లావాదేవీ కానివాటికి కోర్టు మామూలుగా ఆరు శాతం మించి ఇవ్వదని 34వ సెక్షన్.

రాసే తీరు గురించి ఒక్క చోట దగ్గరగా చూద్దాం. ‘ప్రతివాది నన్ను నమ్మించి మోసం చేసి నా కుటుంబాన్ని రోడ్డున పడేశాడు’ అన్న వాక్యం మీకు ఎంత ముఖ్యమో నాకు అర్థమవుతుంది. జడ్జిగారికి దానితో చేయడానికి పని ఉండదు. అదే ‘2023 మార్చి 12న తిరుపతిలో వాది ఇంటి వద్ద ప్రతివాది రూ. 2,00,000 నగదుగా తీసుకుని, వందకు నెలకు రూపాయి వడ్డీతో అడిగినప్పుడు చెల్లించేలా ప్రోనోటు రాసి ఇచ్చాడు’ అంటే ఆ ఒక్క వాక్యంలో తేదీ, చోటు, మొత్తం, వడ్డీ, కాగితం ఐదూ వచ్చేశాయి. ప్రతి పేరాను ఇలా తూచండి.

కింద వెరిఫికేషన్ (రాసిందంతా నిజమని సంతకం), దానికి తోడు ప్రమాణ అఫిడవిట్. కాగితాల జాబితా రాసి ఒరిజినల్స్ జత చేయండి. ముందుగా ప్రతి ఒరిజినల్‌కూ రెండువైపులా కలర్ జిరాక్స్ తీసుకుని ఇంట్లో ఉంచండి.

ఫైలింగ్, రిటర్న్, సమన్లు

కోర్టు ఫీజు మన దగ్గర 1956 ఆంధ్రప్రదేశ్ కోర్టు ఫీజుల చట్టం ప్రకారం. డబ్బు దావాకు అడిగిన మొత్తం మీద లెక్క. ఫైలింగ్ సెక్షన్‌లో ఇచ్చాక ప్లెయింటు వెనక్కి రావచ్చు. ‘రిటర్న్ కొట్టారు’ అంటారు. టెన్షన్ పడకండి, వకీళ్లవీ రోజూ వెనక్కి వస్తాయి. అభ్యంతరాలు వెనక రాసి, ఇన్ని రోజుల్లో సరిచేసి తెమ్మని ఉంటుంది. ప్రతి అభ్యంతరానికి జవాబు రాసి గడువులోపు మళ్లీ ఇవ్వండి. అంతా సరిగా ఉంటే ఓఎస్ నంబరు, అంటే దావా నంబరు, పడుతుంది. దానితో పాటు పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు వస్తుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా తేదీ, ఏ దశలో ఉందీ తెలుస్తుంది.

తర్వాత సమన్లకు బ్యాటా (పంపే ఖర్చు) కట్టాలి, ప్లెయింటు కాపీలు ఇవ్వాలి. కేసులు ఆగిపోయే చోటు ఇదే. చిరునామాలో డోర్ నంబరు, వీధి, ఆనవాలు సరిగా లేకపోతే అమీనా (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) తిరిగొచ్చి ‘మనిషి లేడు’ అని రాస్తాడు, వాయిదాలు కరిగిపోతాయి. ప్రతివాది తప్పించుకు తిరుగుతుంటే ఇంటి తలుపుకు అంటించడానికి, పేపరు ప్రకటనకు ఐదో ఆర్డరు ఇరవయ్యో రూలు కింద పిటిషన్ వేయండి.

దావా నడిచేలోపు ఆయన ఉన్న ఆస్తి అమ్మేస్తాడన్న ఆధారం ఉంటే 38వ ఆర్డరు ఐదో రూలు కింద తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు. ఉత్త అనుమానం చాలదు. అమ్మకానికి బేరం పెట్టిన సంగతి తెలిసినవాళ్ల అఫిడవిట్ జత చేస్తేనే కోర్టు కదులుతుంది.

సమన్లు మీకే వస్తే

ప్రతివాదిగా మీరు ముప్పై రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (రాతపూర్వక జవాబు) వేయాలి, కోర్టు తొంభై దాకా పొడిగించవచ్చు. అన్ని ఆరోపణలూ అబద్ధం అని ఒక్క ముక్కలో రాస్తే చాలదు. ఏ పేరాలో ఏ సంగతి ఎందుకు కాదో విడివిడిగా ఖండించాలి, ఖండించనిది ఒప్పుకున్నట్టు లెక్క. సంతకం మీదే అయి, డబ్బు ముట్టలేదంటే అది రుజువు చేయాల్సిన భారం మీ మీదే పడుతుంది. ప్రోనోట్లకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 118వ సెక్షన్ డబ్బు ముట్టిందన్న ఊహను వాది వైపు నిలబెట్టింది. సమన్లు తీసుకోకుండా పంపేయడం కన్నా చెడ్డ సలహా లేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు లేకుండానే మీ మీద వచ్చే డిక్రీ) అయితే ముప్పై రోజుల్లో కారణం చూపి దాన్ని రద్దు చేయమని సెట్ ఎసైడ్ పిటిషన్ వేయాలి. మీ మీద ఎవరో ఇంజంక్షన్ తెస్తారని ముందే తెలిస్తే 148ఏ సెక్షన్ కింద కేవియట్ (నాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న అర్జీ) వేయండి, తొంభై రోజులు పనిచేస్తుంది.

కోర్టు హాల్లో

పదిన్నరకల్లా హాల్లో ఉండండి. పేరు పిలిచినప్పుడు లేకపోతే వాది దావా డిస్మిస్ అవుతుంది. ముప్పై రోజుల్లో రీస్టోర్ చేయించుకోకపోతే అదే కారణంతో కొత్త దావా కూడా కుదరదు. శుభ్రమైన మామూలు బట్టలు వేసుకోండి. నల్లకోటు, బ్యాండ్ వకీళ్లవి. జడ్జిగారిని ‘సార్’, ‘మేడమ్’, ‘అయ్యా’ అంటే సరిపోతుంది. కింది కోర్టుల్లో సార్ లేదా ప్రాంతీయ భాషలో దానికి సమానమైన మాట చాలని బార్ కౌన్సిల్ 2006లోనే చెప్పింది. తెలుగులో మాట్లాడటానికి జంకకండి.

మీ కేసు మొదలయ్యేలోపు తీరిక చేసుకుని ట్రయల్ నడిచే కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని వినండి. కోర్టు అందరికీ తెరిచి ఉంటుంది. ఏ పుస్తకమూ నేర్పలేనిది అక్కడ నేర్చుకుంటారు. బెంచ్ క్లర్కుతో మర్యాదగా ఉండండి. జడ్జిగారితో మాత్రం హాలు బయట కేసు గురించి మాట్లాడే ప్రయత్నం ఎప్పుడూ చేయవద్దు.

మధ్యలో లోక్ అదాలత్‌కు పంపితే గౌరవంగా వెళ్లండి. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. వాయిదాల ప్రకారం కట్టేలా ఒప్పుకుంటే ‘ఒక్క వాయిదా తప్పినా మొత్తం ఒకేసారి’ అన్న షరతు రాయించుకోండి.

సాక్ష్యం

జడ్జిగారు ఇష్యూలు, అంటే కేసులో తేల్చాల్సిన అంశాలు, ఖరారు చేస్తారు. ప్రతి ఇష్యూ కింద మీ మూడు గళ్ల కాగితం మళ్లీ రాసుకోండి. సాక్షుల జాబితా పదిహేను రోజుల్లో ఇవ్వాలి. ముందు మీరే పీడబ్ల్యూ1గా (వాది వైపు మొదటి సాక్షిగా) బోనెక్కాలి. చీఫ్ ఎగ్జామినేషన్ (మీ సొంత సాక్ష్యం) అఫిడవిట్ రూపంలో ఇస్తారు. ప్లెయింటులో లేని కొత్త కథ అందులో పెట్టకండి. కాగితాలు మన కోర్టుల్లో వాదివి ఎగ్జిబిట్ ఏ1, ఏ2 అని, ప్రతివాదివి బి1, బి2 అని మార్క్ అవుతాయి.

తర్వాత అవతలి వకీలు మిమ్మల్ని క్రాస్ చేస్తారు, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తారు. అడిగినదానికే జవాబు. తెలియకపోతే తెలియదు, గుర్తు లేకపోతే గుర్తు లేదు. ‘ప్రోనోటు ఖాళీగా సంతకం పెట్టించుకుని తర్వాత నింపారు అంటే?’ అని అడుగుతారు. ‘నిజం కాదు’ అంటే చాలు, అరగంట వివరణ వద్దు. ‘రెండు లక్షలు మీకు ఎక్కడివి?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది, ఆ బ్యాంకు స్టేట్‌మెంటు అప్పటికే మార్క్ అయి ఉండాలి. చెప్పింది టైపు చేశాక చదువుకుని, తేడా ఉంటే సంతకానికి ముందే చెప్పండి.

మీరు ప్రతివాదిని క్రాస్ చేసేటప్పుడు వాదించకండి, అడగండి. చిన్న ప్రశ్నలు, జవాబు మీకు ముందే తెలిసినవి. ‘ఏ1 మీద సంతకం మీదేనా?’ ‘నోటీసు మీకు అందిందా?’ ‘దానికి జవాబు ఇచ్చారా?’ ‘2025 జనవరి చెల్లు సంతకం మీదేనా?’ నాలుగింటికీ అవునో కాదో వస్తుంది, అక్కడితో ఆపండి. ‘మరి ఎందుకు కట్టలేదు?’ అని అడిగితే ఆయనకు కథ చెప్పుకునే అవకాశం మీరే ఇచ్చినట్టు. సంతకమే కాదంటే అదే కాలపు ఆయన సంతకాలున్న పత్రాలు తెప్పించి, నిపుణుడికి పంపమని ఐఏ (కేసు మధ్యలో వేసే అర్జీ) వేయండి. దస్తూరి రాసినాయన్ను, సాక్షిని బోనెక్కించండి.

వాదన రెండు పేజీలు దాటకుండా రాసి ఇవ్వండి. ఇష్యూ, దానికి ఎగ్జిబిట్ నంబరు, ఏ సాక్షి ఎక్కడ ఒప్పుకున్నాడు.

తీర్పు తర్వాత

తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి కాపీ అప్లికేషన్ పెట్టండి. కాపీ రావడానికి పట్టిన రోజులు అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. జిల్లా స్థాయిలో అప్పీలుకు ముప్పై రోజులు, అమరావతిలోని హైకోర్టుకు తొంభై రోజులు.

గెలిచినా డబ్బు ఇంటికి నడిచి రాదు. ఆయన కట్టకపోతే ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే ఈపీ వేయాలి. గడువు పన్నెండేళ్లు. ఆయనకు ఏ బ్యాంకులో ఖాతా ఉందో, ఏ సర్వే నంబరులో భూమి ఉందో, ఎక్కడ జీతం తీసుకుంటున్నాడో వెతికి పెట్టాల్సింది మీరే, కోర్టు వెతకదు. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేసి మిగతాదే జప్తు చేస్తారు, అదీ ఇరవై నాలుగు నెలల వరకే. రైతు నివాసముండే ఇల్లు జప్తుకు రాదు. డబ్బు డిక్రీకి మహిళను అరెస్టు చేయరు. ఈపీలో ఆస్తి షెడ్యూలు రాసేటప్పుడు తాజా ఈసీ తీసి, ఆస్తి ఇంకా ఆయన పేరు మీదే ఉందో లేదో చూసుకుని వేయండి.